కోదండరామ్ ఐదో తూటా

ఒక మనిషి తాను సజ్జనుణ్ణని నిరూపించుకోవడానికి ఈ భూమ్మీద ఉన్న మార్గాలన్నిటిలోకీ కెనడాలో రైఫిల్ కొనుక్కోవడమే సమగ్రమైనది. తీర్థయాత్ర చేసొచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అన్నదానం చేసేవాణ్ణి ఇద్దరు హామీదారుల్ని తెమ్మనరు. రైఫిల్ కావాలన్నవాడి గురించి మాత్రం ప్రభుత్వం వాడి పెళ్లానికి ఫోన్ చేసి మరీ కనుక్కుంటుంది.

రెజైనాలో ప్రభుత్వాఫీసు కంప్యూటర్లు చూసుకునే కోదండరామ్‌కి యాభై రెండో ఏట ఈ మార్గం మీద మోజు పుట్టింది. కారణం చిన్నదే. రాజమండ్రి కాలేజీలో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో తలా ఐదు తూటాలిచ్చారు. నాలుగు పేల్చాడు, నాలుగూ నడిమధ్యన తగిలాయి. ఐదోది పేల్చబోతుంటే భోజనాల గంట కొట్టారు. "లేవయ్యా, పప్పు చల్లారిపోతోంది" అని హవల్దారు తుపాకీ లాగేసుకున్నాడు. ఆ ఐదో తూటా ముప్పై నాలుగేళ్లుగా ఆయన చూపుడువేలి చివరే ఉండిపోయింది. ఊరవతల గోఫర్ క్రీక్ రైఫిల్ క్లబ్బు వాళ్లు ఏటా నవంబరులో పెట్టే పోటీలో, తన చేత్తో బిగించుకున్న రైఫిల్‌తో దాన్ని పేల్చాలి. అంతకుమించి ఆయనకి ఈ జన్మలో పెద్ద కోరికల్లేవు.

కోర్సుకెళ్లాడు, పరీక్ష పాసయ్యాడు, ఫారం తెచ్చుకున్నాడు. (అక్కడ ఫ్యామిలీ డాక్టర్ దొరకాలన్నా జాబితాలో పేరిచ్చి వంతు కోసం ఆగాలి, ఆ వారమే అదీ ఇచ్చాడు. అది వేరే సంగతి.) ఫారంలో ఇద్దరు హామీదారులు కావాలి, వాళ్లకి ఆయన కనీసం మూడేళ్లుగా తెలిసుండాలి. ఒకరు ఆఫీసులో దొరికారు. రెండో మనిషి, పక్కవీధి భరద్వాజ్‌తో పరిచయం లెక్కేస్తే రెండేళ్ల పదకొండు నెలలు తేలింది.

"ఒక్క నెలే కదండీ, రాసేద్దాం" అన్నాడు భరద్వాజ్.

"నా మంచితనానికి హామీ ఇస్తూ అబద్ధం రాస్తారా?" అని కోదండరామ్ నెలాగాడు. ఆ నెలలో ఏ చిన్న మాటా మాటా వచ్చి పరిచయం చెడిపోకుండా ప్రతి ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచాడు. భరద్వాజ్ మూడు కిలోలు పెరిగి సంతకం పెట్టాడు.

తర్వాత లైసెన్సు ఆఫీసు నించి ఆయన భార్య ఝాన్సీలక్ష్మికి ఫోనొచ్చింది. (ఆ ఆఫీసుకి కోదండరామ్ పెట్టుకున్న పేరు సజ్జన నిర్ధారణ విభాగం.) మీవారికి కోపమెక్కువా అని అధికారి మర్యాదగా అడిగాడు. పెళ్లయిన పాతికేళ్లలో ఆవిణ్ణి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయితో ఈయన వాదన పెట్టుకోవడం, మంచు ఎత్తే పారని అలమారలో దాచి తాళం పోగొట్టుకోవడం, మామగారి షష్టిపూర్తిలో అలిగి కారులో కూర్చోవడం, అన్నీ ఇంగ్లీషులోకి తర్జుమా చేసి చెప్పింది. నలభై నిమిషాలయ్యాక అధికారి నీరసంగా, "మేడమ్, అవునో కాదో చెబితే చాలు" అన్నాడు.

"ఒక్క ముక్కలో చెప్పడానికి ఇదేమన్నా ఫారమా, సంసారం" అంది ఆవిడ.

మొత్తానికి కాదనే రాసుకున్నట్టున్నాడు, లైసెన్సొచ్చింది. ఇది ఉన్నవాళ్ల పేర్లని ప్రభుత్వ కంప్యూటరు రోజూ సరిచూస్తుందని కోర్సులో చెప్పారు. ఆ మాట విని ఝాన్సీలక్ష్మి, "రోజూ మిమ్మల్ని తలుచుకునేవాళ్లు ఒకరున్నారన్నమాట. మీ అన్నయ్య ఏడాదికోసారైనా తలుచుకోడు" అంది.

ఆయన ఎంచుకున్నది మాడ్యులర్ రైఫిల్, అంటే భాగాలు విడివిడిగా కొని మనమే బిగించుకునే రకం. కోదండరామ్ గొట్టం అల్బర్టా నించి వచ్చింది. ఒళ్లు, అంటే గొట్టం కూర్చునే చట్రం, కెనడాలోనే ఉన్న ఇంకో కేంబ్రిడ్జ్ నించి వచ్చింది. మరలు ఎక్కణ్ణించో వచ్చాయి, తెచ్చినవాడు రెండుసార్లు తలుపు కొట్టకుండానే చీటీ అంటించి వెళ్లిపోయాడు. ఆఖరికి దసరా ముందు వారానికి అన్నీ చేరాయి, ఒక్క తుపాకీ నూనె తప్ప. అది ప్రమాదకర ద్రవమని విన్నిపెగ్ గోడౌన్లో ఆపేశారు.

విజయదశమినాడు ఆయుధపూజ. చట్టం ప్రకారం రైఫిల్‌కి తాళం, తూటాని గొట్టంలోకి తోసే బోల్టు ఇంకో పెట్టెలో, తూటాలు వేరే అలమారలో. ఝాన్సీలక్ష్మి మూడుచోట్లా తిరిగి మూడు బొట్లు పెట్టి, మూడు హారతులిచ్చింది. (అమ్మవారు కూడా బేస్‌మెంట్ మెట్లు మూడుసార్లు దిగవలసొచ్చింది.) తర్వాత దీపం పక్కన కరగబెట్టిన కొబ్బరినూనె గిన్నె తెచ్చింది.

"బోల్టుకి వేరే నూనె ఉంటుంది, ఝాన్సీ."

"మా నాన్నగారి కుట్టుమిషను నలభై ఏళ్లు దీనిమీదే నడిచింది. ఒక్కరోజు మూలిగిందా?"

మామగారి మిషను కాకినాడలో నడిచిందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. కోదండరామ్ బోల్టుకి తలంటు పోసినంత శ్రద్ధగా కొబ్బరినూనె పట్టించాడు.

పోటీనాడు చలి మైనస్ పంతొమ్మిది డిగ్రీలు. ఆయన వంతు వచ్చింది, చాప మీద పడుకున్నాడు, బోల్టు లాగాడు. అది కదల్లేదు. రెండు చేతులతో లాగినా కదల్లేదు. ఆనాటి భోజనాల గంట మళ్లీ ఎక్కడో మోగినట్టే అనిపించింది కోదండరామ్‌కి.

డోరీన్ అని డెబ్బై నాలుగేళ్ల ఆవిడ అక్కడ భద్రతాధికారి. వచ్చి, రైఫిల్ ఖాళీగా ఉందని చూసి, ఎలాగో బోల్టు ఊడదీసింది. దానినిండా తెల్లగా గడ్డకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "బిస్కెట్ల వాసనొస్తోందే" అంది. ఆటంకాల ఫారం తీసింది. కారణాలు నాలుగే: మంచు, మట్టి, ఎలుక, ఇతరములు. ఇతరముల్లో "కొబ్బరి" అని కోదండరామ్ స్వహస్తాలతో రాశాడు.

"పది నిమిషాలు టైము. లేకపోతే వచ్చే నవంబరు" అంది డోరీన్.

పోటీ చూడ్డానికి వెంట వచ్చిన ఝాన్సీలక్ష్మి చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి, నా కోటులో పెట్టుకుంటాను."

డోరీన్ నిబంధనల పుస్తకం ఆ కొసనించి ఈ కొసదాకా తిరగేసి, బోల్టును భార్య కోటులో పెట్టరాదని ఎక్కడా లేదని తేల్చింది. ఆవిడ దాన్ని శాలువాలో చుట్టి, కడుపుకి ఆనించుకుని, బొత్తాలు పెట్టుకుంది. "చచ్చే చలిగా ఉందండీ ఇది" అని పళ్లు కొరుక్కుంటూ నిలబడింది. తొమ్మిదో నిమిషానికి నూనె కరిగింది. తుడిచి, బిగించి, కోదండరామ్ పేల్చాడు.

నడిమధ్యన తగిలింది.

ఆయన లేచి, పెళ్లాం చెయ్యి పట్టుకుని, అంతమంది ముందు ఏడ్చాడు. సంతోషం సగమే, మిగతా సగం కుడిభుజం. రైఫిల్ సరిగ్గా ఆనించకపోవడంతో అది వెనక్కి తన్నిన చోట పూరీలా పొంగుతోంది. "మీ ఫ్యామిలీ డాక్టర్‌కి చూపించండి" అంది డోరీన్.

మర్నాడు కూడా ప్రభుత్వ కంప్యూటరు కోదండరామ్ గురించి వాకబు చేసింది, మంచివాడేనని తేల్చుకుంది. డాక్టర్ల జాబితా వాళ్ల నించి కూడా ఈమెయిల్ వచ్చింది. మీ నంబరు వెయ్యిన్నీ నాలుగు వందల పన్నెండు, మీకింకా డాక్టర్ అవసరమేనా, అయితే "అవును" నొక్కండి అని.

కోదండరామ్ ఎడమచేత్తో నొక్కాడు.