సగటు కంటే రవ్వంత తక్కువ మనిషి

లీగ్ సగటును మించిన ధర్మదేవత ఈ భూమ్మీద లేదు! గంతలు కట్టుకున్న న్యాయదేవతకైనా చెవులు పనిచేస్తాయి. సగటుకి ఆ బలహీనత కూడా లేదు. ఇంతకంటే నిష్పక్షపాతం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

నమ్మకపోతే అమెరికాలో, మా నెబ్రాస్కా రాష్ట్రంలోని టర్లో ఊరొచ్చి వెర్లిన్ హ్రుష్కాని అడగండి.

వెర్లిన్ మా ఊరి బేస్‌బాల్ జట్టుకి పదకొండేళ్లు బంతులు విసిరిన పిచర్. ఇప్పుడు డెబ్బై ఒకటి. గొప్ప ఆటగాళ్ల ఫొటోలు పెట్టే స్టేడియం గోడ మీద ఒక్క ఫొటోకే చోటు మిగిలింది. ఈ ఏడు అది ఆయనదేనని ఊరంతా అనుకుంది. భార్య ఆర్డిస్ ఆయన కోటుకి ఊడిన గుండీలు కూడా కుట్టేసింది.

అంతలో జట్టువాళ్లు గణాంకాల అధికారిని తెచ్చారు. పేరు కానర్. పాతికేళ్లు. బంతిని చేత్తో ముట్టిన పాపాన పోలేదు. పక్షపాతం రాదంటే రాదు మరి!

"ఏమీ అనుకోకండి వెర్లిన్ గారూ," అన్నాడు కానర్. "తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక్కో ఆటకి, సగటున మీరిచ్చిన పరుగులు 4.15. లీగ్ సగటు 4.12. ఎంత తక్కువిస్తే అంత గొప్ప. మీరు 0.03 ఎక్కువిచ్చేశారు."

"అయ్యో, ముందే తెలిసుంటే జాగ్రత్తపడేవాణ్ణి కదయ్యా!" అన్నాడు వెర్లిన్.

ఆర్డిస్ ఊరుకుంటుందా?

"ఆ ఆగస్టు ఆదివారం పద్నాలుగు పరుగులు ఎందుకిచ్చారో నీ కంప్యూటర్లో ఉందా? మర్నాడు ఫైనల్. మిగతా పిచర్లందరి భుజాలూ పడిపోయాయి. వాళ్లకి విశ్రాంతి దొరకాలని ఈయనొక్కరే చెయ్యి వాచిపోయినా విసురుతూనే ఉన్నారు. మర్నాడు కప్పు మనదే!"

"ఆ ఒక్కరోజు తీసేస్తే సార్ సగటు కంటే మెరుగే మేడమ్," ఒప్పుకున్నాడు కానర్. "కానీ తీసేసే పద్ధతి లేదు."

పద్ధతి లేకపోతే ఏం చేస్తాడు పాపం? కృతజ్ఞతకి దశాంశాలుంటాయా?

సగటు పుణ్యమా అని ఊరూ బాగుపడింది. మా హోటల్లో కొలాచీ బన్నులు జిల్లా సగటుకి తక్కువని తేలింది. యాభై ఏళ్లుగా లొట్టలేసుకుంటూ తిన్నాం, ఎంత మూర్ఖులం! చర్చిలో కునికేవాళ్ల సంఖ్య సగటును మించిందని మా పాస్టర్‌కి శాలువా కప్పారు.

మరి ఫొటో ఎవరిది? కంప్యూటర్ గాలించి ఓర్విల్ టీగ్‌ని పట్టుకుంది. ఓర్విల్ అసలు పిచరే కాదు, ఫీల్డర్. ఆ ఆదివారమే, వెర్లిన్ చెయ్యి ఇక లేవనన్నప్పుడు, ఆఖర్న అతన్ని ముందుకు తోశారు. మూడు బంతులు. ఒక్క మనిషి ఔట్. ఆట అయిపోయింది. ఇచ్చిన పరుగులు సున్నా! జట్టు చరిత్రలోనే అంత గొప్ప సగటు లేదు.

ఓర్విల్ పరుగెత్తుకొచ్చాడు. "ఒరే వెర్లిన్, నేను అడగలేదురా, ఒట్టు!"

"తెలుసులేరా. నీకు మంచి కోటు లేదుగా, నాది వేసుకుపో."

అన్నాడే గానీ, ఆరోజు మధ్యాహ్నం సూప్ ముందు కూర్చుని అది చల్లారిపోయినా చెంచా ముట్టలేదు.

సన్మానం రోజు తొలి బంతి ఓర్విల్ విసరాలి. చెయ్యెత్తాడో లేదో భుజం పట్టేసింది.

"ఒరేయ్ వెర్లిన్, ఊరంతా చూస్తోంది! నువ్వొచ్చి వెయ్యరా బాబూ!"

గ్యాలరీలో హాట్‌డాగ్ తింటున్న వెర్లిన్, వేళ్లకంటిన ఆవపచ్చడి ప్యాంటుకి తుడుచుకుని మైదానంలోకి దిగాడు. బంతి సూటిగా వెళ్లి క్యాచర్ గ్లౌజులో టప్పున పడింది. జనం లేచి నిలబడ్డారు. ముసలాళ్లు టోపీలు ఎగరేశారు. ఆర్డిస్ నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

కానర్ బుర్ర గోక్కుంటూ వచ్చాడు. "సార్, ఈ బంతి ఎవరి పేరు మీద రాయాలి?"

"ఓర్విల్ పేరు మీదే రాయి నాయనా," అన్నాడు వెర్లిన్. "వాడి సగటు పాడవకూడదు."

కానర్ అలాగే రాసుకున్నాడు. అంకెలు అబద్ధం చెప్పవు కదా!