వగీమాన్ గారి బుగ్గలు

ఆ బుధవారం ఉదయం వగీమాన్ గారు పెట్టుకున్న పనులు రెండే. టీ తాగేలోపు తాను బతికే ఉన్నానని పెన్షన్ ఆఫీసుకు తెలియజేయాలి. ఎండెక్కాక, సంతలో కొట్లు సర్దేసే వేళకు భార్యతో కలిసి వెళ్ళి, మిగిలిన కూరలు చవగ్గా తేవాలి. మొదటి పని ఫోనులోనే అయిపోతుంది. ముఖం చూపించాలి, కళ్ళు మూసి తెరవాలి, తల అటూ ఇటూ తిప్పాలి. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు కాలువ మట్టం కొలిచిన మనిషికి ఇదేం పెద్ద పని కాదు.

ఫోను ఆయన్ని చూసింది. ముఖం సరిపోలలేదని రాసింది. ఆయన కళ్ళద్దాలు తీశాడు. సరిపోలలేదు. టోపీ తీశాడు. సరిపోలలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో నిలబడ్డాడు. వెలుతురులో ఇంకా తొందరగా కాదంది.

"ఇది నన్ను నేను కాదంటోంది, బు," అన్నాడు వంటింట్లో ఉన్న భార్యను పిలిచి.

"నవ్వారా?" అంది సువర్తి లోపల్నుంచి.

"నవ్వమని అడగలేదు."

"అడిగితేగానీ నవ్వని ముఖాన్ని అది మాత్రం ఏం గుర్తుపడుతుంది?" అంటూ ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది. ఆమె పట్టుకున్నా ఫోను అదే మాట చెప్పింది. సంత మానుకుని ఇద్దరూ సలాతిగా పట్నం వెళ్ళే వ్యాను ఎక్కారు.

పెన్షన్ కౌంటరు పెద్దాసుపత్రి గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడి అమ్మాయి తన మిషన్లోనూ ప్రయత్నించి చూసి, తెర ఇటు తిప్పింది. అందులో గుండ్రటి ముఖం, మెరిసే బుగ్గలు ఉన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

"ఈయనెవరు?" అన్నాడు వగీమాన్.

"మీరే, పాక్. మూడేళ్ళ కిందట తీసిన ఫోటో," అందామె, పెద్దవాళ్ళను పిలిచే మర్యాదతో.

ఆ మూడేళ్ళలో పెన్షన్ ఒకసారి కాస్త పెరిగింది. ఆ వార్త విని సంతలో బియ్యం ధర అంతకు రెండింతలు పెరిగింది. ఇంట్లో మొదట మాంసం మానేశారు, తర్వాత కోడి. ఆ తర్వాత ఇద్దరికీ కలిపి ఒకటే గుడ్డు. రాత్రి అన్నం గంజిగా మారింది. సోయా గింజలతో చేసే టెంపే ముక్కలు, సువర్తి కత్తి ఎంత పదునెక్కితే అంత పలచబడ్డాయి. ఆయన బుగ్గలు పోయిన సంగతి ఆమె గమనించలేదు. ఆమెవి కూడా అదే వేగంతో పోతుండడం వల్ల ఇద్దరూ ఒకరి కళ్ళకు ఒకరు మామూలుగానే కనిపించారు.

"ఇరవయ్యో తారీఖులోగా ముఖం కలవాలి. లేకపోతే వచ్చే నెల నుంచి పెన్షన్ ఆగిపోతుంది," అంది అమ్మాయి.

"మనిషిని ఎదురుగా నిలబడ్డాను కదమ్మా."

"నాకు కనిపిస్తూనే ఉన్నారు, పాక్. మిషన్‌కు కనిపించాలి. కొత్త ఫోటో ఎక్కించాలంటే కొత్త గుర్తింపు కార్డు కావాలి. కార్డులు ముద్రించడానికి ప్లాస్టిక్ లేదు. రెండు నెలలు పట్టొచ్చు."

"మరి దారి?"

ఆ అమ్మాయి ఫోటోనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. గొంతు తగ్గించింది. "కాస్త తినండి, పాక్. ఏది ఇష్టమైతే అది తినండి. ఇక్కడా, ఇక్కడా రావాలి," అని తన బుగ్గల మీద వేలు పెట్టి చూపించింది.

ఇంటికి వచ్చి సువర్తి వంటింట్లో ఉన్నదంతా బయటపెట్టి చూసింది. బుగ్గలు తెప్పించే సరుకు ఒక్కటీ లేదు. పక్కింటి రత్మి దగ్గరికి వెళ్ళింది. ఆ వీధిలో ఎవరూ ఆకలి అన్న మాట పైకి అనరు. చిరిగిన లోపలి బట్టలు వీధివైపు ఆరేసుకోవడం ఎలాంటిదో అదీ అలాంటిదే. అందుకని సువర్తి అసలు సంగతి వదిలేసి మిగతాదంతా నిజమే చెప్పింది.

"రెండు గుడ్లు, ఒక కొబ్బరి చిప్ప ఉంటే ఇస్తావా, రత్మీ? ఆయనకు పెట్టాలి."

"పొద్దున మీరు పెద్దాసుపత్రి దగ్గర వ్యాను దిగుతుంటే మా తమ్ముడు చూశాడట, అక్కా. ఏమన్నారు?"

"ఏమంటారు? ఏది ఇష్టమైతే అది పెట్టమన్నారు."

కొబ్బరి కోరుతున్న రత్మి చెయ్యి ఆగింది. "ఏది ఇష్టమైతే అదా? మందులేం రాయలేదా?"

"మందుల్తో అయ్యే పని కాదుగా."

"ఎన్నాళ్ళన్నారు?"

"ఇరవయ్యో తారీఖు దాకా."

రత్మి కోరుపీట పక్కకు జరిపింది. "ఆయనకు తెలుసా, అక్కా?"

"తెలియకేం. ఆయన ముఖం మీదే చెప్పారు."

రెండు గుడ్లు అడిగితే రత్మి పది గుడ్లు ఇచ్చింది. పెరట్లోకి వెళ్ళి ఒక కోడిని కూడా పట్టుకొచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చేతిలో పెట్టింది. గుడ్లు ఇవ్వడానికి ఏడవాల్సినంత కష్టంలో ఉందా ఈ పిల్ల అని సువర్తి నొచ్చుకుంది. కోడిని మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం వీధిలోని ఆడవాళ్ళంతా ప్రార్థనలకు వేసుకునే ఒకే రంగు ముసుగులు వేసుకుని వరసగా వచ్చారు. ఒకామె కోడి పులుసు తెచ్చింది, ఒకామె కమలాలు, ఒకామె బిస్కెట్ల డబ్బా. చాప మీద కూర్చుని, వగీమాన్ తింటుంటే మాట్లాడకుండా చూశారు. ఆయన మారు అన్నం వడ్డించుకున్నాడు.

"ఆరిపోయే ముందు దీపం అలాగే వెలుగుతుంది," అంది ఒక ముసలమ్మ పక్కామెతో, తనకు చెవుడు కాబట్టి గట్టిగానే.

సాయంత్రం మగవాళ్ళు వచ్చారు. వెనకింటాయన వగీమాన్ చెయ్యి పట్టుకుని, పదేళ్ళ కిందట కంచె రెండడుగులు ఇటు జరిపింది తానేనని ఒప్పుకుని క్షమించమన్నాడు. ఉన్నట్టుండి ఈ మంచితనం ఏమిటో తెలియక వగీమాన్ క్షమించాడు. కంచె మాత్రం అక్కడే ఉండిపోయింది.

అందరూ వెళ్ళాక పెన్షనర్ల సంఘం కార్యదర్శి, హార్జితో అనే ఆయన, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇస్త్రీ చొక్కా తప్ప తొడగని మనిషి, ఏ పనైనా ముందురోజే చేసేస్తాడని పేరు.

"గోడ పక్కన నీడ ఉంటుంది. గేటు దగ్గరైతే గాలి వస్తుంది. మీకు ఎక్కడ బాగుంటుందంటారు?" అన్నాడు మెల్లగా.

సంఘం మీటింగులో కుర్చీ గురించి అనుకున్నాడు వగీమాన్. "గోడ పక్కనే వెయ్యండి. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ గోల."

"మీ నిబ్బరానికి దండం పెట్టాలి. కార్డు, పెన్షన్ కాగితాలు నకళ్ళు ఇప్పించండి. ఆఫీసు పని నేను చూసుకుంటాను. మా సంఘంలో ఏ ఇంటివాళ్ళూ ఒక్కరోజు కూడా ఎదురుచూడలేదు."

ముఖం సంగతి ఈయనకూ తెలిసిందన్నమాట అనుకుని, సువర్తి నకళ్ళన్నీ తీసి ఇచ్చింది.

మూడో రోజు రత్మి గిన్నెలు తీసుకుపోవడానికి వచ్చి సువర్తిని కావలించుకుంది. "తర్వాత మా ఇంట్లోనే పడుకుందువుగాని, అక్కా. ఒక్కదానివీ ఈ ఇంట్లో ఉండొద్దు."

అప్పటికి అర్థమైంది సువర్తికి. చెప్పేద్దామని నోరు తెరిచింది. పొయ్యి మీద రత్మి కోడి ఉడుకుతోంది. నోరు మూసుకుని లోపలికి వెళ్ళింది.

"వీధంతా మీరు పోతున్నారనుకుంటోంది," అంది భర్తతో.

ఆయన నమలడం ఆపాడు. "ఎక్కడికి?"

"ఎక్కడికేమిటి? పైకి."

వగీమాన్ చేతిలోని ఎముకను చూశాడు. "అందుకా ఈ కోడి?"

"అందుకే."

"అయితే ఆ గోడ పక్కన నీడ శ్మశానంలోదా!" ఎముకను పళ్ళెంలో పెట్టేశాడు. మళ్ళీ తీసుకుంటూ అన్నాడు. "ఇప్పుడు చెబితే కోడి ఆగుతుంది. కోడి ఆగితే పెన్షన్ ఆగుతుంది. ఇరవై దాటాక చెబుదాం."

ఆ రోజు నుంచి ఆయనకు తిండి సయించలేదు. అయినా మందు మింగినట్టు మింగాడు. పిల్లల నోటి దగ్గరి గుడ్డు తెచ్చి పెడుతున్నారని తెలిసిన ఇళ్ళు ఒకటి రెండు ఉన్నాయి. వాళ్ళు వచ్చినప్పుడు ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. అది చూసి వాళ్ళు ఇంకో పూట ఎక్కువ తెచ్చేవారు. సిగ్గుతో తిన్నా బుగ్గలు బుగ్గలే కాబట్టి అవి వచ్చాయి.

పంతొమ్మిదో తారీఖు ఉదయం సువర్తి ముందుగదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టింది. వెనక తెల్లగా ఉంటే మంచిదని కౌంటరు అమ్మాయి చెప్పింది. వెలుతురు కోసం వీధి తలుపు బార్లా తీసింది. వగీమాన్ గడ్డం గీసుకుని, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని దుప్పటికి ఆనుకుని కూర్చున్నాడు.

"కదలకండి," అంది సువర్తి ఫోను పట్టుకుని. "కళ్ళు మూసుకోండి. అంతే. అయిపోయింది, పాక్. ఇంక అయిపోయింది." ముఖం సరిపోయిందని ఫోను రాసింది. ఆమె కూలబడి ఏడ్చింది.

పులుసు గిన్నెతో గుమ్మం దాకా వచ్చిన రత్మికి తెల్లగుడ్డ, కళ్ళు మూసుకున్న మనిషి, నేల మీద ఏడుస్తున్న సువర్తి కనిపించారు. ఆమె గిన్నె అక్కడే దించేసి కార్యదర్శి హార్జితో గారి ఇంటికి పరుగెత్తింది.

వగీమాన్ టీ సగం తాగేసరికి మసీదు మైకు గరగరలాడింది. వీధిలో ఎవరో పోయారని చెబుతోంది. ఆయన అలవాటుగా కప్పు దించి, "దేవుడి దగ్గర్నుంచే వచ్చాం, ఆయన దగ్గరికే పోతాం," అని గొణిగాడు. "ఎవరో, పాపం." తర్వాత మైకు పేరు చెప్పింది.

వాళ్ళు తేరుకునేలోపే జనం వచ్చేశారు. ఆడవాళ్ళు పళ్ళేలలో బియ్యం తెచ్చారు. మగవాళ్ళు వెదుళ్ళు, టార్పాలిను, కుర్చీలు తెచ్చారు. వగీమాన్ తెల్ల చొక్కాతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెదుళ్ళు కింద పడ్డాయి. చెవిటి ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "లావెక్కాడు," అంది.

సువర్తి అప్పుడు ఆకలి మాట దగ్గర్నుంచి అంతా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది ఆమెకు.

"ఇరవయ్యో తారీఖు దాకా అని నువ్వే కదా అన్నావు," అంది రత్మి చివరికి. ఆమె పిల్లలు నాలుగు రోజులుగా గుడ్డు ముఖం చూడలేదు. చావింటికి తెచ్చిన బియ్యం తిరిగి ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి, పళ్ళేలు అక్కడే బోర్లించి అందరూ వెళ్ళిపోయారు. కార్యదర్శి హార్జితో ఒక్కడే ఇస్త్రీ చొక్కా నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఆఫీసుకు పంపేశాను," అన్నాడు. "వెంటనే."

మళ్ళీ వ్యాను ఎక్కారు. కౌంటరు అమ్మాయి ఆయన్ని చూసి సంతోషించింది. "ముఖం చక్కగా కలిసింది, పాక్." తర్వాత తెర కిందికి జరిపి ముఖం ముడుచుకుంది. "కానీ మీరు ఈ ఉదయం పోయారు."

"పోలేదమ్మా."

"ఇందులో పోయారు. చావు డబ్బు మూడు నెలల పెన్షన్, అమ్మగారి ఖాతాలో పడిపోయింది. కాగితాలన్నీ ముందే సిద్ధంగా ఉన్నాయి కదా. వచ్చే నెల నుంచి ఆవిడకు వితంతు పెన్షన్, సగం."

"ఆయన బతికే ఉన్నారని రాయించాలంటే?" అంది సువర్తి.

"అర్జీ పెట్టాలి. ముందు చావు డబ్బు మొత్తం ఒకేసారి తిరిగి కట్టాలి. తేలడానికి నాలుగైదు నెలలు. తేలేదాకా ఈ పెన్షనూ రాదు, ఆ పెన్షనూ రాదు." ఆ అమ్మాయి పెన్ను తీసింది. "అర్జీ రాయమంటారా, పాక్?"

సువర్తి భర్త వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని కౌంటరు మీదికి వంగాడు.

"కోతలయ్యి, బియ్యం ధర కాస్త దిగాక బతికితే ఏమైనా ఇబ్బందా, అమ్మా?"