కురుమయ్య గారి లక్ష అడుగులు

మనిషి రెండు కాళ్ల మీద నడవడం మొదలుపెట్టి లక్షల ఏళ్లు గడిచినా, ఆ నడకకు అనుమతి ఎవరివ్వాలన్న చిక్కుప్రశ్నను తేల్చిన ఘనత మాత్రం మా ఊరి పురపాలక సంఘానిదే. నార్కట్‌పల్లి దిక్కున హైవేను ఆనుకున్న చిన్న పట్నం మాది. ఒక పార్కు ఉంది. అందులో ఎర్ర టైల్స్ పరిచిన నడకదారి ఉంది. ఆ దారి అరిగిపోకుండా కాపాడటానికి 'పాదసంచార క్రమబద్ధీకరణ అధికారి' అనే పదవిని సృష్టించి, అందులో దశరథం గారిని కూర్చోబెట్టారు. (ఆయన కూర్చునే పనిచేస్తారు. నడిచి చూడాలని నిబంధనల్లో ఎక్కడా లేదు.)

వచ్చిన మొదటి నెలలోనే ఆయన పార్కుకు మధ్యాహ్న విశ్రాంతి ప్రకటించారు. పదకొండు నుంచి ఐదింటి వరకు చెట్లు, బెంచీలు, టైల్స్ అలసట తీర్చుకుంటాయి. చలికాలంలో ఒంటికి హాయిగా ఉండే ఎండ కాసేది కూడా సరిగ్గా అప్పుడే.

మా పక్కింటి కురుమయ్యకు ఆ ఎండతోనే పని పడింది. నలభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగిన మనిషి. దసరాకు ముందు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. రోజూ మధ్యాహ్నం ఎండలో, చదును నేల మీద అరగంట నడిపిస్తే శివరాత్రికల్లా కాలు దారికొస్తుందని, ఈ చలికాలం వదిలేస్తే ఇక మంచమేనని డాక్టరు చెప్పాడు. ఎండలు ముదిరితే మేత కోసం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోవాలి. కురుమయ్య వెంట పోలేకపోతే మంద అమ్ముకోవడమే. ఇక చదును నేల అంటే, మా వీధిలో లేదు. హైవే మీద ఉంది గానీ, దాన్ని లారీలు వాడుకుంటున్నాయి.

నేను రిటైరైన లెక్కల మాస్టర్ని. దరఖాస్తులంటే భయం లేదు. కురుమయ్యను ఆటోలో ఎక్కించుకుని పార్కుకు తీసుకుపోయాను. వాచ్‌మన్ పరశురాములు గేటుకు తాళం వేసి, లోపల ఎండలో కుర్చీ వేసుకున్నాడు.

"ఇప్పుడు బందున్నది పెద్దయ్యా. ఐదింటికి రాండ్రి."

"ఐదింటికి ఎండేడుంటది బిడ్డా?" అన్నాడు కురుమయ్య.

"గది నాకెర్క లేదు. దశరథం సారును అడుగుండ్రి."

దశరథం గారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టారు. 'మధ్యాహ్న పాదసంచార అనుమతి పత్రం' అనేది ఒకటి ఉందట. రెండే షరతులు. దరఖాస్తుదారు తొమ్మిది రోజులపాటు రోజుకు నాలుగు వేల అడుగులు నడిచి చూపాలి. (నడవలేని వారు పడితే టైల్స్ పగులుతాయి.) రెండోది, టైల్స్ మన్నిక దృష్ట్యా ఒక్కో పౌరుడికి చలికాలం మొత్తానికి లక్ష అడుగులే పరిమితి.

"నడవలేకనే కదా సార్, ఈయన మీ దగ్గరికి వచ్చింది?" అన్నాను.

"నడవనోళ్లకు నడిచే పత్రం ఎట్లిస్తం సారూ? రేపు ఈత రానోళ్లొచ్చి ఈత నేర్పుమంటరు."

అని ఒక నల్ల రబ్బరు పట్టీ చేతికిచ్చారు. కట్టుకుంటే అడుగులు అదే లెక్కపెట్టి ఆఫీసుకు పంపుతుందట.

కురుమయ్య భార్య గుర్వమ్మ ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. మరునాడు పొద్దున్నే మంద దగ్గరికి పోయి, ముందు నడిచే పొట్టేలు కాలికి కట్టి వచ్చింది. మందను ఇప్పుడు ఆమె తమ్ముడు మల్లన్న మేపుతున్నాడు.

"గుర్వమ్మా, ఇది మోసం కాదా?" అన్నాను.

"మోసమేంది సారూ? నలభై ఏండ్ల సంది మంద ఎన్ని అడుగులేస్తె గాయన గన్ని ఏసిండు. గా లెక్క ఇప్పుడెందుకు మారుతది?"

ఎంత ఆలోచించినా ఆ లెక్కలో నాకు తప్పు దొరకలేదు.

కోతలైన వరి మళ్లన్నీ తిరుగుతూ పొట్టేలు చిట్యాల దాకా పోయి వచ్చింది. 'శభాష్ కురుమయ్య గారూ!' అని రోజూ సాయంత్రం గుర్వమ్మ ఫోనుకు మెసేజ్ వచ్చేది. పదో రోజు దశరథం గారే జీపులో దిగి, కురుమయ్యను 'పట్టణ ఉత్తమ పాదచారి'గా ప్రకటించారు.

సన్మానం పార్కులోనే, మధ్యాహ్నం మూడింటికి. (సన్మానాలు విశ్రాంతికి భంగం కావు.) గేటుకు కురుమయ్య ఫొటోతో 'ఈయనలా నడుద్దాం' అని ఫ్లెక్సీ కట్టారు. ఆయన్ను కుర్చీతో సహా నలుగురు ఎత్తి వేదిక ఎక్కించారు. శాలువా కప్పాక కురుమయ్య మైకు పట్టుకున్నాడు.

"సారూ, గా అడుగులు నేనేసినయి కావు. మా పొట్టేలు ఏసింది."

అంత గొప్ప వినయాన్ని సభ ఎన్నడూ చూడలేదు. చప్పట్లు ఆగలేదు. నేను దశరథం గారి చెవిలో కూడా అదే చెప్పాను.

"రికార్డుల్ల పొట్టేలుకు కాలమ్ లేదు సారూ," అన్నారాయన.

సభ ముగిశాక కురుమయ్య నా భుజం పట్టుకుని వేదిక దిగాడు. ఎర్ర టైల్స్ మీద ఎండ పరుచుకుని ఉంది. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. కుడికాలు ఈడ్చుకుంటూ ఏడు అడుగులు నడిచాడు. ఎనిమిదో అడుగుకు పాదం నేల నుంచి లేచింది.

"లేసింది సారూ, కాలు లేసింది!" అని గుర్వమ్మ అరిచింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. (ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు.)

పదకొండో అడుగు దగ్గర పరశురాములు విజిల్ ఊదాడు. దశరథం గారు ఫోను తెరిచి చూపించారు. తొమ్మిది రోజుల్లో కురుమయ్య లక్షా పదిహేడు వేల అడుగులు నడిచేశాడు. ఈ చలికాలం కోటా అయిపోయింది.

"ఫికర్ చెయ్యకు కురుమయ్యా. వచ్చే చలికాలం మొదటి పత్రం నీదే. ఉత్తమ పాదచారివి గదా, పట్టీ మాత్రం ఏడాదంత విప్పొద్దు."

ఆయన నడిచిన పదకొండు అడుగులకు నేను పదకొండు దరఖాస్తులు పెట్టాను. అన్నింటికీ ఒకటే జవాబు: 'ఇంత బాగా నడిచే వారికి ప్రత్యేక మినహాయింపు అవసరం లేదు.' శివరాత్రి వచ్చి పోయింది. కాలు రాలేదు. మందను ఒక్కడినే కృష్ణ దాకా తోలలేనని మల్లన్న అన్నాడు. గుర్వమ్మ సంతలో మందను అమ్మేసింది. ఆ దుఃఖంలో పొట్టేలు కాలి పట్టీ విప్పడం మరిచిపోయింది.

కొన్నవాళ్లు దాన్ని బాగానే మేపినట్టున్నారు. సాయంత్రాలు శభాష్‌లు వస్తూనే ఉన్నాయి. మంచంలో పడుకుని కురుమయ్య అవి నాతో చదివించుకుని, "మంచిగ నడుస్తాంది," అనేవాడు. ఉగాది మరునాడు, ఊరంతా ఇంటింటా మాంసం కూర ఉడుకుతున్న పూట, అడుగులు ఆగిపోయాయి.

మూడు రోజుల తర్వాత ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది. గుర్వమ్మ ఫోను తెచ్చిస్తే, ఆయన మంచం పక్కన కూర్చుని చదివాను.

'కురుమయ్య గారూ, మూడు రోజులుగా మీరు ఒక్క అడుగు కూడా వేయలేదు. బద్ధకం ఆరోగ్యానికి మంచిది కాదు. లేవండి, పార్కుకు రండి.'