క్లౌడ్‌లో ఇరుక్కున్న గ్రూప్ ఫోటో

ఆ ఉదయం ఫోటోగ్రాఫరు వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. తొమ్మిదికి స్టూడియో తెరవడం, పదికి పదో తరగతి గ్రూప్ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు తీయడం, పదకొండుకి ఫ్రేము కట్టడం, ఇంటికెళ్ళి తీరిగ్గా భోంచేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నాలుగింటికి బడికి చేరడం. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత వాళ్ళ క్లాసు అక్కడ కలుసుకుంటోంది. లెక్కల మాస్టారు కూడా వస్తున్నారు.

ఆ ఫోటో మీద అతని పరువంతా ఉంది. తీసింది వాళ్ళ నాన్న, ఈ స్టూడియో పెట్టినాయన. ప్రింటు ఎవరి దగ్గరా లేదు. ఇల్లు మారినప్పుడు పోయి ఉంటుందని ఎవరికి వాళ్ళు సర్దిచెప్పుకున్నారు. "నెగటివ్ నా దగ్గర భద్రంగా ఉందిలే" అని ఎదురైన ప్రతివాడికీ ఇతను ఇన్నేళ్ళుగా మాటిస్తూ వచ్చాడు. కిందటేడు నెగటివ్‌లు చెమ్మకి అంటుకుపోతుంటే కవర్లన్నీ స్కానింగ్ షాపుకి మోసి, వచ్చిన ఫైళ్ళను క్లౌడ్‌లో పెట్టాడు. ఒక కవరు మీద నాన్న చేతిరాతతో 'పదో తరగతి' అని ఉంది. ఆ రాతను వేలితో తడిమి చూసుకున్నాడు గానీ, లోపలి బొమ్మ చూసే తీరిక మాత్రం దొరకలేదు.

పదింటికి ఫోటో తెరవబోతే స్థలం లేదంది కంప్యూటరు. కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే బావమరిదికి ఫోన్ కొట్టాడు.

"నువ్వు క్లౌడ్‌లో చూసే ప్రతి ఫోటోకీ అదిక్కడ ఒక నకలు దాచుకుంటుంది బావా. క్యాష్ ఫైళ్ళంటారు. పేరుకుపోయినట్టున్నాయి, తీసిపారెయ్."

"పారేస్తే ఏమన్నా అవుతుందేమోరా?"

"ఏమీ కాదు. ఉత్త నకళ్ళు."

చిక్కల్లా ఆ పారెయ్యడం దగ్గరే వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్క నెగటివ్ పారేసి ఎరగడు. కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకులూ, కెమెరాను చూసి కెవ్వుమన్న పసిపిల్లలూ, అందరూ ఆ బీరువాల్లో పదిలంగా ఉన్నారు. కాబట్టి ఈ నకళ్ళను కూడా పారెయ్యకుండా, క్లౌడ్‌లోనే 'చాలా ముఖ్యం' అనే ఫోల్డరు తెరిచి అందులోకి తరలించాడు. క్యాష్ ఖాళీ అయింది గానీ, ఆ ఫోల్డరు కూడా ఇక్కడే చోటు తింటుంది కాబట్టి కంప్యూటరు మాత్రం కాలేదు. పైగా కొత్త సరుకు వచ్చిందనుకుని క్లౌడ్ ఆ నకళ్ళన్నిటినీ ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.

ఎక్కుతున్నవి సరిగ్గా ఎక్కుతున్నాయా లేదా అని ఒకటి తెరిచాడు. నాన్న డార్క్‌రూము తలుపు దగ్గర, భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు. ఆ గదిలో ఎర్రదీపం కింద, మందునీళ్ళ ట్రేలో తెల్ల కాగితం మీద మనుషులు మెల్లగా తేలి వస్తుంటే, చిన్నప్పుడు ఇతను ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఇంకోటి తెరిచాడు. ఆ తర్వాత లెక్క పెట్టలేదు. అలా చూసిన ప్రతిదానికీ కంప్యూటరు నకలు తీసి దాచుకుంటూనే ఉంది.

పన్నెండింటికి ఇంటి నుంచి భార్య ఫోన్ చేసింది. ఇద్దరిదీ ఒకటే క్లౌడ్.

"ఏమండీ, 'చాలా ముఖ్యం' అని ఏదో నా ల్యాప్‌టాప్‌లో కనబడుతోంది. సాయంత్రం అందరికీ చూపించడానికేగా? మన పాత డిస్కులో ఉన్నవి కూడా మొత్తం అందులో వేసేశాను."

"మొత్తమా!"

"థాంక్స్ చెప్పక్కర్లేదు లెండి. ఏమండీ, మన పెళ్ళి ఫోటోల్లో మీకు జుట్టుందండీ!"

"చూడకు! చూసినకొద్దీ నకళ్ళు పెరుగుతాయే!"

"నా పెళ్ళి ఫోటోలు నేను చూసుకోకూడదా?" అని ఆవిడ ఫోన్ పెట్టేసి, పట్టుదలగా మొదటి నుంచి చూడసాగింది.

రెండింటికి బావమరిదే మళ్ళీ దారి చూపించాడు. "ఖాళీ చెయ్యి అని ఒక బటన్ ఉంటుంది, నొక్కు బావా. ఫోటోలన్నీ పైనే ఉంటాయి. ఇక్కడ చిన్న బొమ్మ మాత్రం మిగులుతుంది. కావలసినప్పుడు అసలుది దిగుతుంది."

నొక్కాడు. కంప్యూటరు సెలవులిచ్చిన బడిలా ఖాళీ అయిపోయింది. గ్రూప్ ఫోటోను దింపబోతే, పొద్దున్నుంచీ నకళ్ళు మోసీ మోసీ ఇవాళ్టి నెట్ కోటా అయిపోయిందనీ, మళ్ళీ రేపు ఆరింటికేననీ సమాధానం వచ్చింది. ఫోన్ నెట్‌తో ప్రయత్నిస్తే గంటకు మూడు శాతం దిగింది.

చేతిలో మిగిలింది తపాలా బిళ్ళంత బొమ్మ. గత్యంతరం లేక దాన్నే సాగదీసి ప్రింటు తీసి ఫ్రేము కట్టాడు. ముఖాలన్నీ తడిచేత్తో తుడిచిన పలకలా వచ్చాయి. నడుమ కుర్చీలో మాస్టారిని మాత్రం మీసాలను బట్టి పోల్చుకోవచ్చు. ముప్ఫై ఆరేళ్ళ మాట ఈ పూటతో గంగలో కలిసిందనుకుంటూ, నలిగిన చొక్కాతోనే, తల దించుకుని బడికి వెళ్ళాడు.

క్షమాపణ చెప్పుకునే లోపే, ఇప్పుడు నర్సుగా చేస్తున్న వాళ్ళ క్లాసావిడ ఫ్రేము లాక్కుంది. "ఇదిగో నేను! రెండో వరసలో చివర!"

"అది నువ్వు కాదు, నేను. నీకప్పుడు రెండు జడలు" అంది ఆమె పక్క బెంచీ స్నేహితురాలు.

"వీడు మన పొట్టోడే కదూ? పోయి పదేళ్ళయింది" అన్నాడు ఇప్పుడు బస్సు కండక్టరైన ఇంకో క్లాస్‌మేటు. మొహం కనబడకుండా కిటికీ వైపు తిరిగాడు. నర్సు కళ్ళు తుడుచుకుంది. వెనక వరసలో ఎడమ నుంచి మూడో స్థానంలో ఫోటోగ్రాఫరుకి తను కనబడ్డాడు, ఒత్తయిన జుట్టుతో. దుఃఖం ఆగలేదు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. ఫ్రేమును తిరిగి నర్సు చేతికిచ్చారు.

మర్నాడు ఆరింటికి అసలు ఫోటో చొక్కా గుండీలతో సహా స్పష్టంగా దిగింది. ముందు వరస పిల్లవాడి చేతిలో పలక ఉంది. దాని మీద 'పదో తరగతి, బి సెక్షన్' అని రాసి ఉంది. వీళ్ళది 'ఏ' సెక్షన్. వెనక వరసలో మూడోవాడు ఎవరో కూడా ఇతనికి తెలియదు. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాడు.

"ఘోరం జరిగిపోయింది మాస్టారూ. అది మా ఫోటో కాదు. మాది వెతికి తెస్తాను."

"ఎక్కణ్ణుంచి తెస్తావురా? మీ వంతు వచ్చేసరికి వాన పట్టుకుంది. ఇంకోరోజు తీస్తానన్నాడు మీ నాన్న. ఆ ఇంకోరోజు రాలేదు."

"మరి నిన్న చూడగానే మీకు తెలియలేదా?"

"తెలియకేం? బి సెక్షన్ వాళ్ళకి నాలుగేళ్ళు చెప్పాను."

"మరి చెప్పలేదేం మాస్టారూ?"

"చెబుదామని కళ్ళద్దాలు పెట్టుకునేసరికి మీలో ముగ్గురు ఏడుస్తున్నార్రా."

మధ్యాహ్నమయ్యేసరికి పద్నాలుగు మంది కాపీలు కావాలని ఫోన్ చేశారు. అసలు ఫోటో మహా స్పష్టంగా దిగిందనీ, అందులో ఉన్నది బి సెక్షన్ వాళ్ళనీ ఫోటోగ్రాఫరు నిజాయితీగా చెప్పి చూశాడు గానీ, పద్నాలుగు మందీ ఆ మసక దాన్నే పంపమన్నారు.