మెత్తబడ్డ పెడల్

ఇంజన్ మార్చిన లారీకి బ్రేకు పెడల్ మెత్తబడిందంటే, పాత బండి డ్రైవరు ఇంటావిడ చెప్పగా ఎవరూ వినని మాటలు ఇంజన్ వెంట వచ్చి బ్రేకు గొట్టాల్లో చిక్కుకున్నాయని అర్థం. విజయవాడ ఆటోనగర్‌లో ఇది రోజూ ఉండే పనే.

కోటిరత్నం మాత్రం విన్నదే తప్ప చూడలేదు. ఆమె భర్త సాంబయ్య మర్నాటికల్లా నాపరాళ్ళ లోడుతో ఘాట్ రోడ్డు దిగాలి. ఇంజన్ మార్చినప్పట్నించీ పెడల్ తొక్కితే తడిపిన పిండిలో కాలు పెట్టినట్టు నేలదాకా దిగిపోతోంది. మెకానిక్ మస్తాన్, బ్రేకు మాస్టర్ సిలిండర్ మార్చాడు, లైనర్లు మార్చాడు, ఆయిల్ మార్చాడు. చివరికి చేతులు తుడుచుకుని, ఇంజన్ ఎవరిదని అడిగాడు.

అది లోయలో పడిన లారీది. ఆ డ్రైవరు భార్య పేరమ్మ నూజివీడులో ఉంటోంది. రవాణా ఆఫీసు నియమం ప్రకారం మాటలు ఎవరివో వాళ్ళే పెడల్ కొట్టి వాటిని బయటికి వదలాలి; ఇంకొకరు కొడితే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వరు. కోటిరత్నమే బస్సెక్కి వెళ్ళి, బతిమాలి తీసుకొచ్చింది.

పేరమ్మ చెప్పులు విడిచి సీటెక్కింది. మస్తాన్ బండి కిందికి దూరి, చక్రం దగ్గర గాలి తీసే నిపుల్‌కి గొట్టం తగిలించి, కొస సీసాలో ముంచాడు.

"కొట్టక్కా. ఇంకా కొట్టు. ఆఁ, పట్టు."

నిపుల్ వదులు చేయగానే సీసాలో బుడగ లేచి పగిలింది. పిల్లకి జ్వరంగా ఉంది, ఈ ట్రిప్పు మానుకోమంది. గొంతు పేరమ్మదే. సీట్లో పేరమ్మ నోరు విప్పలేదు. బుడగ వెంట బుడగ వచ్చింది. వానలో వద్దంది, అన్నం తిని వెళ్ళమంది. పక్క షెడ్లలో సుత్తుల మోత ఆగింది. అందరూ హారతివేళ నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆఖరి బుడగ పెద్దది, నెమ్మదిగా పైకొచ్చింది.

"కళ్ళు ఎర్రగా ఉన్నాయయ్యా. పడుకుని, పొద్దున్నే వెళ్ళు."

పెడల్ రాయిలా నిలిచింది. పేరమ్మ దాని మీద కాలు తీయకుండా కాసేపు కూర్చుంది.

"ఇప్పుడు ఆగుతోంది," అంది.

పేరమ్మ కిందికి దిగింది. సాంబయ్య హుషారుగా ఎక్కి బండి స్టార్ట్ చేశాడు. కోటిరత్నం కిటికీ పట్టుకుంది.

"రెండ్రోజుల్నించీ నిద్ర లేదు నీకు. తెల్లారినాక బయల్దేరు."

"వచ్చేస్తాలే," అన్నాడు సాంబయ్య, అద్దం సరిచేసుకుంటూ. బ్రేకు ఒకసారి తొక్కి చూశాడు. పెడల్ ఒక్క వేలెడు దిగింది. మస్తాన్ చూశాడు. ఆ మాత్రం ప్రతి బండికీ ఉంటుందన్నాడు.

లారీ గేటు దాటింది. పేరమ్మ చెప్పులు వేసుకుంటూ కోటిరత్నం పాదాలకేసి చూసింది.

"పెడల్ కొట్టమని నిన్ను పిలిచిన రోజు చెప్పులు విడిచి ఎక్కమ్మాయ్. పట్టు దొరుకుద్ది."