ఎవరి డబ్బాలో ఎవరి గొంతు

తణుకులో ఇంటర్నెట్ ఫోను పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కి మారిన రోజున, ఊళ్లోవాళ్లందరూ తమ గొంతుల్ని స్టీలు డబ్బాల్లో పెట్టి పొద్దున్న పదింటిలోపు కంపెనీ ఆఫీసులో అప్పగించారు. పక్క ఊళ్లలో అప్పటికే ఈ పని అయిపోయింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాత గొంతులు కొత్త వెర్షన్‌లో పట్టవనీ, వాటిని దులిపి, కొలత సరిచేసి సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి ఇచ్చేస్తామనీ కంపెనీ ఇంటింటికీ కాగితం పంచింది. డబ్బా మీద పేరు తప్పనిసరిగా ఉండాలని అందులో లావుపాటి అక్షరాలతో అచ్చువేశారు.

పేరున్న డబ్బాలకి ఆ ఊళ్లో కొదవేముంది? పెళ్లికో గృహప్రవేశానికో గిన్నె కానుకిస్తే దాని మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కించందే ఎవరికీ తృప్తి ఉండదు. చిట్టినీడి వామనమూర్తి వంటింటి అటక మీద అలాంటివి పదిహేడున్నాయి. ఆయన లైబ్రరీలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పుస్తకాల మధ్య మెల్లగా మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే నిలిచిపోయింది. నలుగురిలో ఆయన మాట మొదలుపెడితే పూర్తయ్యేలోపు మిగతా ముగ్గురూ వేరే విషయంలోకి వెళ్లిపోతారు.

"పచ్చడి డబ్బా తియ్యకండి. గొంతు ఘాటెక్కుద్ది," అంది ఆయన భార్య కనకరత్నం. ఆవిడ తన గొంతుని ముగ్గుల పోటీలో గెలుచుకున్న డబ్బాలో పెట్టింది. దాని మీద ఆవిడ పేరే ఉంది. వామనమూర్తి మాత్రం మూత బిగుతుగా ఉందని చెప్పి ఎరువుల కొట్టు ముత్యాల ధర్మారావు గృహప్రవేశానికి ఇచ్చిన డబ్బా ఎంచుకున్నాడు. అందులోకి వంగి ఒక్కసారి "హలో" అని, చప్పున మూత పెట్టేశాడు.

ఆ రోజు తణుకు మహా ప్రశాంతంగా గడిచింది. కూరల బేరాలు వేళ్లతో సాగాయి. ఇద్దరు తోడికోడళ్లు మొదలుపెట్టిన పోట్లాట చేతులు నొప్పెట్టి మధ్యాహ్నానికి ఆగిపోయింది. మునిసిపల్ కౌన్సిల్ సమావేశం పదకొండు నిమిషాల్లో ముగిసి, మూడేళ్లుగా నలుగుతున్న మురుగుకాలువ తీర్మానం కూడా అయిపోయింది.

సాయంత్రం కౌంటర్లో అమ్మాయి వామనమూర్తి చేతికి ఇంకేదో డబ్బా ఇచ్చింది. సిబ్బంది గొంతుల్ని ఆఖర్న మారుస్తారు కాబట్టి ఆ అమ్మాయికి మాట ఉంది. ఈయనకి లేదు. "ఇది నాది కాదు. నాది ధర్మారావు అని ఉన్న డబ్బా," అని చీటీ మీద రాసి చూపించాడు.

"ధర్మారావు అని ఉంటే ధర్మారావుగారికే ఇచ్చేశామండి. మీ పేరున్నది ఇదేనండి. చూసుకోండి."

నిజమే. డబ్బా మీద చిట్టినీడి వామనమూర్తి అని నిక్షేపంగా చెక్కి ఉంది. పదేళ్ల కిందట గుడిమెట్ల నాగమణి పెళ్లికి తను ఇచ్చిన కానుక అది. నాగమణి బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పే మనిషి. అంటే ఊరంతా ఎవరి గొంతు వాళ్లు ఎప్పుడో తమకి కానుకిచ్చినవాళ్లకి దఖలు పరిచారన్నమాట. చేసేది లేక వామనమూర్తి మూత తీసి ఒక్క గుటక వేశాడు.

ఇంటికెళ్లి "కొంచెం కాఫీ ఇస్తావా" అని అడిగేసరికి వీధిలో నడుస్తున్న ఇద్దరు సంచులు భుజానికెత్తుకుని పరుగెత్తారు. కనకరత్నం మాత్రం స్టవ్వు కట్టేసి, గుమ్మంలో నిలబడి, ఆయన మాట ఆఖరిదాకా వింది. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన లైబ్రరీ పైకప్పు కారిన కథ మొత్తం చెప్పగలిగాడు. అవతల ధర్మారావు కొట్లో రైతులు యూరియా కోసం గుసగుసగా అడుగుతున్నారని తెలిసింది.

అయినా వామనమూర్తికి తన గొంతు తనకి కావాలనిపించింది. దాని మీద ఆయనకి ప్రేమ. అక్క "చిన్నోడా" అని పిలిస్తే అరవయ్యేళ్లుగా "ఆఁ" అంటున్నది ఆ గొంతే. బొబ్బిలిలో ఉన్న భ్రమరాంబక్క రోజూ పదకొండింటికి ఫోన్ చేసి "ఏం కూర?" అని అడుగుతుంది. ఈయన పేపరు చదువుకుంటూ కూర పేరు చెబుతాడు. ఏడాదిగా అక్కకి జలుబు తగ్గడం లేదు. ఆ మాటే అని, శొంఠి కాఫీ తాగమని రోజూ చెప్పి పెట్టేస్తాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీకి వెళ్లి గొంతు సవరణ ఫారం తెచ్చుకున్నాడు. నిబంధన ఒక్కటే. రక్తసంబంధీకులెవరైనా ఫోన్లో గొంతు తేడాని తమంతట తాము కనిపెట్టి, పైకి అనాలి. దరఖాస్తుదారు ముందుగా చెప్పకూడదు, సైగ చేయకూడదు. కంపెనీ ఎలాగూ వింటూనే ఉంటుంది. గడువు ఏడాది. ఆ తర్వాత ఎవరి దగ్గరున్న గొంతు వాళ్లకే ఖాయం.

"ఏడాదెందుకండి, ఇవాళే తేలిపోద్ది," అన్నాడు వామనమూర్తి. ఆఫీసులో ఉన్నవాళ్లంతా ఒకసారి తలెత్తి గోడగడియారం చూసుకున్నారు.

పదకొండింటికి ఫోన్ మోగింది. అక్క కనిపెట్టకపోతే? ఎత్తి "హలో" అన్నాడు.

"ఒరే చిన్నోడా, ఎవరిదిరా ఆ గొంతు?" అంది భ్రమరాంబ.

వామనమూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బస్టాండు నాగమణిదక్కా. ఒక్క హలోకే కనిపెట్టేశావ్!"

"కనిపెట్టనేంట్రా? ఎత్తుకుని పెంచినదాన్ని. సరే, మీ కంపెనీవాళ్లు వినే ఉంటారు. వెళ్లి నీది నువ్వు తెచ్చుకో."

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణక్కా! అన్నట్టు, మీ ఊళ్లో పోయినేడే మార్చారుగా. నీకు ఏ గొడవా రాలేదా?"

"ఇక్కడా కానుక డబ్బాలే కదరా," అంది. "నాది తాలూకాఫీసు అటెండరు సింహాచలంగారికి వెళ్లింది. ఆయనది నాకొచ్చింది. నేనూ అదే ఫారం తెచ్చుకున్నాను. రక్తసంబంధీకుల గడిలో నీ పేరే రాశాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పకూడదుగా. రోజూ చేశాను. కొన్నాళ్లు గట్టిగా మాట్లాడాను, కొన్నాళ్లు దగ్గాను. నువ్వు శొంఠి కాఫీ తాగమన్నావు. మొన్న మంగళవారంతో గడువైపోయింది. ఇప్పుడు చెప్పినా తప్పులేదంట."

వామనమూర్తి చేతిలో పేపరు జారిపోయింది. ఏడాదిపాటు రోజూ ఒక మగమనిషి తనని ఏం కూరని అడిగాడు. అక్క అసలు గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోయాడు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర నిలబడి తనని పిలవడం గుర్తుంది, ఆవిడ వేసుకున్న పచ్చ పరికిణీ గుర్తుంది. గొంతు మాత్రం గుర్తురాలేదు. నాగమణి గొంతుని వీలైనంత తగ్గించి అడిగాడు.

"నీ గొంతు ఎలా ఉండేదక్కా?"

"నాకూ సరిగ్గా గుర్తులేదురా. ఈయనది బానే ఉంది. రిక్షావాణ్ణి పిలిస్తే టక్కున ఆగుతున్నాడు. నువ్వు బాధపడకు. ఇంతకీ ఏం కూర?"

"బీరకాయ," అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన గొంతు ఆయనకి ఇచ్చేశారు. తేడా గుర్తించడానికి పట్టిన కాలం అన్న గడిలో "ఒక్క హలో" అని రాసి సంతకం పెట్టాడు. అలాంటి దరఖాస్తు రాష్ట్రంలోనే మొదటిదని కౌంటర్లో అమ్మాయి మెచ్చుకుంది. ఇంటికొచ్చి లైబ్రరీ కిటికీలు ఊడిన కథ మొదలుపెడితే కనకరత్నం మధ్యలో లేచి తాలింపు పెట్టడానికి వెళ్లింది.

మర్నాడు పదకొండింటికి పేపరు మడిచి పక్కన పెట్టి ఫోనెత్తాడు. కళ్లు మూసుకుని, సింహాచలంగారి గొంతుని మొదటిసారి శ్రద్ధగా విన్నాడు. ఎంతసేపు విన్నా అది ఆయనకి అచ్చం అక్క గొంతులాగే ఉంది.