వీకా అత్త పోయిందట

ఆ ఉదయం లూపే పెట్టుకున్న పని ఒక్కటే. ఆ దీవి రాజధాని నూకుఅలోఫా పెద్దవీధిలో కొత్తగా తెరిచిన షాపింగ్ సెంటర్‌కి వెళ్ళి, కదిలే మెట్ల పక్కనున్న కౌంటరు తనకు ఇప్పించుకోవాలి. పుచ్చకాయ, కొబ్బరి కలిపిన ఓటాయ్ పానకాన్ని మార్కెట్ గోడవార ఎండలో అమ్మీ అమ్మీ ఆమెకు విసుగెత్తింది. ఏసీ గాలిలో నిలబడి అమ్మాలన్నది పంతం. అదే కౌంటరు మీద ఐస్‌క్రీమ్ ఆయన కూడా కన్నేశాడు. ఎవరికన్నది ఈ పొద్దునే తేల్చేస్తానని మేనేజరు చెప్పాడు.

నల్ల గౌను తొడుక్కుని, "నా చాపేదీ?" అని అరిచింది లూపే. నడుముకు చాప చుట్టుకోకుండా పెద్దమనుషుల ముందుకు వెళ్ళడం ఆ ఊళ్ళో చొక్కా లేకుండా వెళ్ళడంతో సమానం.

ఆమె మొగుడు ఫటాయి తల గోక్కున్నాడు. "కంచె మీద ఆరేశానే. పంది లాక్కుని దాని మీదే పడుకుంది. లేపబోతే కరవొచ్చింది."

"పందిని అని ఏం లాభం! నిన్ననాలి."

ఇక మిగిలింది పెట్టె అడుగునున్న పాత చాప. నాన్న పోయినప్పుడు కట్టుకున్నది. చంకల దాకా వస్తుంది, అంచులు చిరిగి పీచులు వేలాడుతుంటాయి. పోయినవాళ్ళు మనకంటే ఎంత పెద్దయితే చాప అంత పెద్దదిగా, అంత చిరిగిందిగా ఉండాలి మరి.

"అది చుట్టుకుని బజారుకెళితే ఎవరో పోయారనుకుంటారే!"

"చిరుగు లోపలికి మడుస్తాలే. ఆ కౌంటరు చేజారితే నిజంగా పోయేది నేనే."

బస్సు దిగేటప్పటికే మడత ఊడిపోయింది. వీధి మొదట్లో దుంపలమ్మే మెలాయియా చూసింది. నల్లబట్టలు, చిరిగిన పెద్ద చాప! లూపే తండ్రి ఎప్పుడో పోయాడు. అంత చాప కట్టించుకోదగ్గ మనిషి ఇంకొక్కతే ఉంది, తండ్రి అక్క వీకా. మేనత్తంటే అక్కడ మాటలా! తమ్ముడి పిల్లల ఇంట్లో ఏది ముచ్చటేస్తే అది పట్టుకుపోయినా కాదనేవాడు లేడు.

మెలాయియా పరుగున వచ్చి లూపేని వాటేసుకుంది. "అయ్యో తల్లీ, వీకమ్మ కూడా వెళ్ళిపోయిందా!"

"లేదు పిన్నీ, ఎవరూ పోలేదు."

"ఏడువమ్మా, ఏడువు. దిగమింగుకోకు."

"నిజంగా పిన్నీ! అత్త గుండ్రాయిలా ఉంది!"

మెలాయియా పక్కామె వైపు తిరిగి, "పాపం, ఇంకా నమ్మలేకపోతోంది," అని కళ్ళొత్తుకుంది.

ఆగి నచ్చజెప్పే తీరిక లూపేకి లేదు. విడిపించుకుని గబగబా నడిచింది. ఆ నడక చూసి, చావుకు కావలసిన సామాన్లు కొనడానికే వెళ్తోందని వీధంతా తేల్చేసుకుంది. బట్టల కొట్టావిడ నల్లగుడ్డ తాను చంకలో పెట్టుకుని బయల్దేరింది. రొట్టెలాయన గంప ఎత్తుకున్నాడు. చర్చిలో పాడేవాళ్ళు ఎక్కడి పనులక్కడ వదిలి కలిశారు. సెంటరు గుమ్మంలో లూపే వెనక్కి తిరిగి చూస్తే వీధి వీధంతా వెనకే ఉంది. కాదంటే ఏడుస్తారు, పొమ్మంటే ఇంకా ఏడుస్తారు. పళ్ళు బిగించి, పైనున్న మేనేజరు గదికి మెట్లెక్కేసింది.

మేనేజరు విలిసోని ఆమెను చూస్తూనే లేచి తల వంచాడు. "ఇలాంటి రోజున కూడా వచ్చావామ్మా? ఇంటికెళ్ళు. మైలలో ఉన్న మనిషికి వ్యాపారం అంటగడితే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది. కౌంటరు ఐస్‌క్రీమ్ ఆయనకి ఇచ్చేస్తాలే."

"సార్, మా అత్త బతికే ఉంది!"

"మనందరి మనసుల్లోనూ బతికే ఉందమ్మా."

లూపేకి నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళ ఆశ గంగపాలైందని వెక్కి వెక్కి ఏడ్చింది. గాజుగోడలోంచి అది చూసి కింద జనమంతా ఘొల్లుమన్నారు. నేల మీద చతికిలబడి పాట ఎత్తుకున్నారు.

సరిగ్గా అప్పుడే చేపల డబ్బాలు కొనుక్కుందామని వీకా అత్త వచ్చింది. ఊళ్ళో సగం మంది ఏడుస్తున్నారంటే పోయినవాళ్ళు తనకు చుట్టం కాకుండా ఉంటారా? సంచీ పక్కన పెట్టి, ముందు వరసలో కూర్చుని, అందరికంటే గట్టిగా శోకాలు పెట్టింది. కాస్త అలుపు తీర్చుకుంటూ పక్కనున్న మెలాయియాని పొడిచింది.

"ఇంతకీ ఎవరే పోయింది?"

"ఇంకెవరు, మన వీక..." అంటూ కళ్ళు తెరిచిన మెలాయియా అలాగే వెనక్కి పడిపోయింది.

పాట ఆగిపోయింది. లూపే దడదడా కిందికి పరిగెత్తి, అత్త కాళ్ళ దగ్గర కూలబడి చాప సంగతీ, పంది సంగతీ, కౌంటరు సంగతీ ఏకరువు పెట్టింది. అత్త అరచేత్తో కళ్ళు తుడుచుకుని, వెనకే దిగొచ్చిన మేనేజరును పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం బాబూ, నేను చచ్చానా?"

"లేదమ్మగారూ."

"మరి నా మేనకోడలికి మైలెక్కడిది?"

విలిసోని చుట్టూ చూశాడు. సెంటరు తెరిచిన రోజున కూడా అంతమంది లోపలికి రాలేదు. అందులోనూ అందరూ ఏడ్చి ఏడ్చి గొంతెండి ఉన్నారు. "కౌంటరు నీదేనమ్మా," అన్నాడు లూపేతో.

లూపే ఎగిరి గంతేసేలోపే అత్త వెళ్ళి కౌంటరు వెనకున్న ఒక్కగానొక్క కుర్చీలో కూర్చుంది. "బాగుందే ఇది. నాకు నచ్చింది," అంది. మేనత్త ఆ మాటన్నాక ఇంకేముంది!

ఇప్పుడు లూపే కలుపుతుంది, అత్త పోస్తుంది. తన చావుకు రానివాళ్ళెవరో ఆవిడకు బాగా గుర్తు. వాళ్ళకు సగం గ్లాసే.